పట్టేసిన బోల్టును విరగకుండా విప్పడం ఎలా

2023 జూలై వానలకు హనుమకొండలో మా వీధి చెరువైంది. ఇంటి ముందు నిలిపిన కారు సగం చక్రాల దాకా మునిగి రెండు రోజులు నీళ్ళలోనే ఉంది. ఇంజనులోకి నీరు పోలేదు, ఆ తరువాత బండి మామూలుగానే నడిచింది, ఆ సంగతి మరిచిపోయాను. మరుసటి వేసవిలో వెనక షాక్ అబ్జార్బర్ మార్చడానికి కూర్చుంటే దాని కింది బోల్టు ఇసుమంత కూడా కదలలేదు. సాకెట్ రాడ్డుకు మూడడుగుల పైపు తొడిగి, ఉన్న బలమంతా పెట్టి ఒక్క లాగు లాగాను. తిరిగింది. చేతికి ఎంతో హాయిగా అనిపించింది. తీరా చూస్తే తిరిగింది తల ఒక్కటే. మెడ దగ్గర తెగి తల సాకెట్‌లోకి వచ్చింది, కాండం బుష్‌లోనే, అంటే బోల్టు దూరే రబ్బరు చుట్టిన ఇనుప గొట్టంలోనే, ఉండిపోయింది. అరగంటలో కావలసిన పనికి మూడు రోజులు పట్టింది.

ఇంట్లో సొంతంగా మరమ్మతు చేసుకునేవారి చేతుల్లో విరిగే బోల్టులు ఎక్కువగా తుప్పువల్ల కాదు, తొందరవల్లే విరుగుతున్నాయని నా గట్టి నమ్మకం. కాబట్టి కింద చెప్పే పనులను ఇదే వరుసలో చేయండి. మొదటివి నిదానంగా సాగేవి, ఖర్చు లేనివి. చివరివి బోల్టును పాడుచేసేవి. మధ్యలో దేన్నీ దాటేయవద్దు.

ముందు అది ఎందుకు పట్టేసిందో చూడండి

మనకు సముద్రం దూరం, ఉప్పుగాలి బాధ లేదు. మన దగ్గర బోల్టులను తినేది బురద. నల్లరేగడి చక్రాల లోపలి వైపు ముద్దలుగా అంటుకుంటుంది. పైకి ఎండినట్టు కనిపించినా లోపల చాలా రోజులు తడిని పట్టి ఉంచుతుంది. దమ్ము చేసిన పొలం నుంచి ట్రాక్టర్లు రోడ్డు మీదికి మోసుకొచ్చే మట్టి చివరికి మన కారు అడుగునే చేరుతుంది. ఇనుము తుప్పుగా మారితే దాని పరిమాణం రెండింతలకు పైగా పెరుగుతుంది. బోల్టు మరలకూ నట్టు మరలకూ మధ్య ఉండే వెంట్రుకవాసి సందులో ఆ తుప్పు ఉబ్బి, చీల దిగ్గొట్టినట్టు బిగుసుకుంటుంది.

ఇనుప బోల్టు అల్యూమినియం భాగంలోకి దిగి ఉంటే కథ వేరు. తడి తగిలినప్పుడు ఆ రెండు లోహాల మధ్య ఒక చిన్న బ్యాటరీ లాంటిది ఏర్పడి అల్యూమినియం కరిగిపోతూ ఉంటుంది. బోల్టు తల చుట్టూ ఎర్ర తుప్పు కాకుండా తెల్లటి పొడి కనిపిస్తే అదే గుర్తు. అక్కడ బలం పెడితే బోల్టుతోపాటు అల్యూమినియం మరలు కూడా ఊడి వచ్చేస్తాయి. సైలెన్సర్ బోల్టులది మూడో రకం. ఏళ్ళ తరబడి కాలి చల్లారి, పెళుసుబారి ఉంటాయి. వాటిలో కొన్ని విరుగుతాయని ముందే అనుకొని కొత్తవి దగ్గర పెట్టుకోవడం మంచిది.

ఆ మాటకొస్తే ఏ బోల్టుకైనా కొత్తది కొని చేతిలో పెట్టుకున్నాకే పాతదాని మీద చేయి వేయండి. కొనేటప్పుడు పానా సైజు చెబితే సరిపోదు. 14 పానా పట్టే బోల్టు సాధారణంగా 10 మిల్లీమీటర్ల లావు ఉంటుంది. కానీ మరల మధ్య దూరం 1.25 మిల్లీమీటర్లు కావచ్చు, 1.5 కావచ్చు. ఒకదాని బదులు మరొకటి ఎక్కిస్తే రెండు చుట్లు తిరిగి అక్కడే బిగుసుకుంటుంది. తల మీద 8.8 లేదా 10.9 అని అంకెలుంటాయి, అవి బోల్టు గట్టిదనాన్ని చెబుతాయి. పాతదాని మీద ఏ అంకె ఉంటే అదే అడగండి. అంకె లేని మామూలు బోల్టును సస్పెన్షన్‌లో గాని బ్రేకులో గాని ఎన్నడూ వేయకండి.

నేల మీద పని

మరునాడు కారుతో అవసరం లేని రోజు చూసుకోండి. సాయంత్రం నూనె పెట్టి, పొద్దున పానా పట్టాలి. రాత్రంతా జరిగే పని మన చేతి పనికన్నా ఎక్కువ.

జాకీ మీద నిలిచిన కారు కిందికి దూరవద్దు. జాకీ ఎత్తడానికే, మోయడానికి స్టాండ్లు ఉండాలి. మన ఇళ్ళ ముందు చాలాచోట్ల మట్టి నేలే కాబట్టి స్టాండు కింద మందపాటి చెక్క పలక వేయండి, లేకపోతే ఒక కాలు దిగబడి బండి వాలుతుంది. నేలను ఆనుకొని ఉండే చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెట్టండి. పట్టేసిన బోల్టు విషయంలో ఇంకో ప్రమాదం ఉంది. పొడవాటి పైపుతో అడ్డంగా గట్టిగా లాగితే బోల్టు బదులు కారే స్టాండ్ల మీంచి జరిగిపోవచ్చు. అందుకే చక్రం నట్ల వంటి గట్టి బిగింపులను బండి నేల మీద ఉండగానే పావు చుట్టు వదులు చేసుకొని, తరువాతే పైకి ఎత్తాలి. కళ్ళకు అద్దాలు తప్పనిసరి. కింద పడుకొని తుప్పు గోకేటప్పుడు రాలేదంతా నేరుగా కళ్ళలోకే వస్తుంది.

ఏ వైపు తిప్పాలో కూడా ఇక్కడే తేల్చుకోండి. నట్టుకు ఎదురుగా నిలబడితే గడియారం ముల్లుకు వ్యతిరేకంగా తిప్పాలని అందరికీ తెలుసు. వెల్లకిలా పడుకొని, చేయి వెనక్కు పెట్టి, కనిపించని బోల్టును తిప్పేటప్పుడే ఆ తెలివి తారుమారవుతుంది. కుడిచేతి పిడికిలి బిగించి, బోల్టు ఎటు బయటికి రావాలో అటు బొటనవేలు చూపండి. మిగతా వేళ్ళు ఎటు ముడుచుకున్నాయో అటే తిప్పాలి. ఎడమ మరలు చాలా అరుదు. సైకిల్ ఎడమ పెడల్ అలాంటిదే, కొన్ని పాత లారీల ఎడమ చక్రాల నట్లు కూడా. ఎంతకీ కదలకపోతే అది ఎడమ మర కాదు కదా అని ఒకసారి ఆలోచించండి.

తుప్పు గీకండి, నూనె పెట్టండి, ఆగండి

ఇనుప తీగల బ్రష్‌తో తల, నట్టు, బయటికి కనిపించే మరలు అన్నీ మెరిసేదాకా రుద్దండి. ఇది అందానికి చేసే పని కాదు. మట్టి, తుప్పు పొర పైన ఉంటే నూనె లోపలికి పోదు, పానా కూడా పూర్తిగా కూర్చోదు. మరలు నట్టు దాటి బయటికి పొడుచుకొని ఉంటే వాటిని ఇంకా శ్రద్ధగా శుభ్రం చేయాలి. నట్టు వెనక్కి రావలసింది ఆ దారినే.

నూనె విషయంలో చాలామంది పొరపడతారు. డబ్ల్యూడీ-40 మామూలు డబ్బా ప్రధానంగా నీటిని తరిమేయడానికి తయారైనది, ఆ పేరు అర్థం కూడా అదే. చిన్నచిన్న వాటికి పనిచేస్తుంది. ముదిరిన తుప్పుకు, తుప్పులోకి చొచ్చుకుపోయే నూనె అని ప్రత్యేకంగా అమ్మేదాన్ని అడిగి తెచ్చుకోండి. గేర్ల ఆయిల్‌లో ఆటోమేటిక్ కార్లకు వాడే పలచటి ఎర్ర నూనెను, అసిటోన్‌ను సమంగా కలిపి వాడేవారూ ఉన్నారు. బాగానే పనిచేస్తుంది. కానీ ఆ రెండూ నిలకడగా కలిసి ఉండవు, ప్రతిసారీ కుదపాలి. అసిటోన్ రంగును తినేస్తుంది, చిటికెలో మంట అంటుకుంటుంది. తరువాత వేడి పెట్టే ఆలోచన ఉంటే దాన్ని ముట్టకండి.

నూనె ఎక్కడ పడుతోందన్నది ముఖ్యం. తల మీద కొట్టి వదిలేస్తే నేల మాత్రమే తడుస్తుంది. నట్టుకూ వాషర్‌కూ మధ్య, మరలు బయటికి వచ్చే చివర, బుష్‌లోంచి పోయే బోల్టయితే లోపలి ఇనుప గొట్టం రెండు చివర్లా పడాలి. నిలువుగా వేలాడే నట్టు మీద నూనె నిలవదు కాబట్టి, గుడ్డ పీలికను నూనెలో తడిపి చుట్టూ కట్టి వదిలేయండి. నూనె పెట్టాక చిన్న సుత్తితో తల మీద ఇరవై ముప్పై తేలిక దెబ్బలు వేయండి. ఆ అదురుకు తుప్పులో సన్నని పగుళ్ళు పడి నూనెకు దారి దొరుకుతుంది. గంట ఆగి మళ్ళీ నూనె, మళ్ళీ దెబ్బలు. పడుకునే ముందు ఇంకోసారి. బ్రేకు డిస్కు గాని డ్రమ్ము గాని దగ్గరలో ఉంటే ముందే ప్లాస్టిక్ సంచితో కప్పండి. బ్రేకు పట్టీలకు నూనె అంటితే బ్రేకు పట్టదు.

నా బోల్టు విరిగిన రోజున వెల్డింగ్ పని చేసే పెద్దాయన ఒకరు మా ఇంటికి వచ్చారు. విరిగిన తలను చేతిలో తిప్పి చూసి, "తమ్మీ, నూనె పెట్టి ఎంతసేపు ఆగావు?" అని అడిగారు. "పది నిమిషాలన్నా" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. విరిగిన చోట ఉన్న తుప్పును వేలితో తుడిచి చూపించారు. నూనె వాసన కూడా సోకలేదు, ఎండిన పొడిలా రాలింది. అప్పటి నుంచి నేను రాత్రి ఆగకుండా ఏ బోల్టు మీదా బలం పెట్టలేదు.

పట్టు కుదరాలి

పొద్దున పానా ఎంచుకునే దగ్గర సగం ఫలితం తేలిపోతుంది. రెండు వైపులా తెరిచి ఉండే స్పానర్ వద్దు, అది రెండు మూలల మీదే పట్టు నిలుపుతుంది. సర్దుకునే స్పానర్ అసలే వద్దు. మొదటి ఎంపిక ఆరు మూలల సాకెట్, అది దూరకపోతే రింగ్ స్పానర్. పన్నెండు మూలల సాకెట్ కొత్త బోల్టుకు చాలు గాని, తుప్పుకు మూలలు అరిగిన తల మీద జారుతుంది. సాకెట్‌ను సుత్తితో తట్టి అడుగంటా దించండి. ఏమాత్రం ఊగినా ఆపండి, సైజు తప్పు.

ఇప్పుడు, వినడానికి వింతగా ఉన్నా, ముందు బిగించే వైపు తిప్పండి. బలంగా కాదు, కదిలీ కదలనంత. తుప్పు పొరకు ఆ వైపు కూడా పగులు పడుతుంది. తరువాత విప్పే వైపు. చాలా బోల్టులు ఈ దశలోనే "కిర్రు" మని ఒక చప్పుడు చేసి లొంగుతాయి. ఆ కిర్రు వినబడితే సంతోషించండి, తుప్పు విడుతోంది. చప్పుడు లేకుండా మెత్తగా, రబ్బరులా సాగినట్టు తిరిగితే మాత్రం ఆ క్షణమే చేయి తీసేయండి. అది బోల్టు మెలితిరుగుతున్న గుర్తు. నాకు చేతికి హాయిగా అనిపించింది అన్నానే, అదే ఇది.

కదిలిన తరువాత ఒకే ఊపున విప్పేయాలనిపిస్తుంది. అలా చేస్తే రాలిన తుప్పు మరల మధ్య నలిగి గడ్డకట్టి, సగం దారిలో మళ్ళీ పట్టేస్తుంది, ఈసారి ఇంకా గట్టిగా. పావు చుట్టు విప్పండి, అందులో సగం వెనక్కి బిగించండి, నూనె చుక్క వేయండి, మళ్ళీ పావు చుట్టు. అరగంట పట్టినా పట్టనివ్వండి.

పైపు తొడగడం గురించి ఒక లెక్క చెప్పాలి. 10 మిల్లీమీటర్ల లావు, 8.8 రకం బోల్టును మామూలుగా సుమారు 45 నుంచి 50 న్యూటన్ మీటర్లకు (తిప్పే బలానికి కొలత ఇది) బిగిస్తారు. పావు మీటరు పొడవున్న స్పానర్‌తో 100 న్యూటన్ మీటర్లు రావాలంటే దాదాపు 40 కిలోల బలం పెట్టాలి. మీటరు పైపు తొడిగితే 10 కిలోలు చాలు, అంటే నీళ్ళ బకెట్ ఎత్తినంత. బిగింపుకు రెండింతల బలం మన చేతి నుంచి పోతోందని కూడా తెలియదు. 12, 14 మిల్లీమీటర్ల లావు బోల్టులకు పైపు తొడగండి, తప్పు లేదు. 10 అంతకన్నా సన్నని వాటికి నా మాట వినండి, పైపు ముట్టవద్దు.

నిలకడగా లాగే బలం కన్నా దెబ్బ మేలు. రాడ్డు చివర అరచేతితో గాని రబ్బరు సుత్తితో గాని తట్టి తట్టి చూడండి. బ్యాటరీతో నడిచే ఇంపాక్ట్ పానా ఉంటే ఇక్కడే అక్కరకొస్తుంది. నిమిషంలో వేల చిన్న దెబ్బలు వేస్తుంది కాబట్టి, ఒకే గుంజుకన్నా బోల్టుకు మెలి తక్కువ. తక్కువ బలం మీటతో మొదలుపెట్టి రెండు వైపులా మార్చి మార్చి నడపండి.

వేడి పెట్టే ముందు

మన ఊళ్ళలో కమ్మరి ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించడం చూసినవారికి ఈ కిటుకు వేరే చెప్పనక్కర్లేదు. పట్టాను ఎర్రగా కాల్చితే వ్యాకోచించి చెక్క చక్రం మీద సులువుగా కూర్చుంటుంది, నీళ్ళు పోస్తే ముడుచుకొని ప్రాణం పోయినా ఊడదు. మనకు కావలసింది మొదటి సగం. బయట ఉన్న నట్టును కాల్చాలి, లోపలి బోల్టును కాదు. 10 మిల్లీమీటర్ల నట్టు 200 డిగ్రీలు వేడెక్కితే దాని రంధ్రం పెరిగేది ఒక మిల్లీమీటరులో నలభయ్యో వంతు. అంతే. కాని తుప్పు పట్టును చిట్లించడానికి అది చాలు. అల్యూమినియం ఇనుముకన్నా దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది కాబట్టి, తెల్లపొడి పట్టిన బోల్టులకు కొద్దిపాటి వేడి కూడా బాగా పనిచేస్తుంది. నట్టు వేడిగా ఉండగా కొవ్వొత్తిని మరలకు తాకిస్తే మైనం కరిగి లోపలికి పీల్చుకుపోతుంది. అక్కడి నుంచి తిప్పడం సులువు.

అయితే మంట పెట్టే గ్యాసు టార్చ్ వెలిగించే ముందు చుట్టూ చూడండి. పెట్రోలు ట్యాంకు, దాని గొట్టాలు, బ్రేకు గొట్టాలు, ఏబీఎస్ తీగలు, రబ్బరు బుష్‌లు, గాలి ఉన్న టైరు, వీటిలో ఏది దగ్గరున్నా వేడి మాట మరిచిపోండి. షాక్ అబ్జార్బర్‌లో చాలావాటికి లోపల ఒత్తిడితో గ్యాసు నింపి ఉంటుంది, కాల్చితే పేలుతుంది. ఎయిర్‌బ్యాగ్ దరిదాపుల్లోకి అసలు పోవద్దు. రాత్రి పెట్టిన నూనెను తుడిచేయండి. బ్రేకు శుభ్రం చేసే స్ప్రేలలో కొన్నింట్లో క్లోరిన్ ఉన్న ద్రావకాలుంటాయి, వాటిని కాల్చితే ప్రాణం తీసే విషవాయువు పుడుతుంది. పక్కన ఒక మనిషి, ఒక బకెట్ ఇసుక ఉండాలి. ఎర్రగా కాలిన బోల్టు గట్టిదనం పోతుంది, దాన్ని మళ్ళీ వాడకండి.

మూలలు పోతే, విరిగితే

13 సైజు తల మూలలు అరిగితే అర అంగుళం సాకెట్ తెచ్చి సుత్తితో దిగ్గొట్టండి. అది 12.7 మిల్లీమీటర్లు, పిండినట్టు పట్టుకుంటుంది. తల పూర్తిగా గుండ్రమైతే ఆకురాయితో రెండు వైపులా చదును చేసి ఒక సైజు చిన్న పానాతో పట్టవచ్చు. నట్టయితే ఉలితో పక్క నుంచి చీల్చేయడమే అన్నిటికన్నా తేలిక. నట్టు ధర రూపాయల్లోనే, దాన్ని కాపాడాలని చూడకండి.

మారుస్తున్న భాగం ఎటూ తుక్కుకే పోయేదైతే బోల్టును కోసేయండి. నేను చివరికి చేసింది అదే. షాక్ అబ్జార్బర్ బుష్‌కూ బిగింపు పట్టీకీ మధ్య సందులో ఇనుము కోసే రంపపు బ్లేడును దూర్చి, ఒక చివర గుడ్డ చుట్టి, చేత్తో కోశాను. గంటన్నర పట్టింది. గ్రైండర్ అయితే రెండు నిమిషాలే, కానీ పెట్రోలు ట్యాంకు పక్కనే ఉంది, నిప్పురవ్వలు వద్దనుకున్నాను.

రంధ్రం లోపలే ముక్క మిగిలితే ఎక్స్‌ట్రాక్టర్ అని అమ్మే ఎదురు మరల కడ్డీ ఒకటి ఉంది. బోల్టు మధ్యలో రంధ్రం చేసి దాన్ని ఎదురు తిప్పుతూ బిగించాలి. ముక్క వదులుగా ఉంటేనే అది పనికొస్తుంది. తుప్పుకు విరిగిన ముక్కలో సన్నని ఎక్స్‌ట్రాక్టర్ వేస్తే అది కూడా లోపలే విరుగుతుంది. అది మామూలు డ్రిల్లుకు తెగనంత గట్టి ఉక్కు, అప్పుడు పని మొదటికన్నా హీనమవుతుంది. అంతకన్నా ముక్క మీద ఒక నట్టు పెట్టి, నట్టు లోపలి నుంచి వెల్డింగ్ చేయించడం మేలు. ఆ వేడికి తుప్పు విడుతుంది, పట్టుకోవడానికి కొత్త తలా దొరుకుతుంది. ఆటోనగర్‌లో ఈ పని తెలిసినవారు ఉంటారు. బ్యాటరీ నెగటివ్ తీగ తీసేసిన తరువాతే వెల్డింగ్ చేయనివ్వండి. మా ఇంటికి వచ్చిన పెద్దాయన, నేను కోశాక మిగిలిన ముక్క మీద పెట్టిన మొదటి నట్టు ఊడి వచ్చేస్తే రెండోది పెట్టారు. అది చల్లారేదాకా చేతులు కట్టుకొని కూర్చున్నారు, తరువాత మామూలు పానాతో తిప్పారు.

బ్రేకు గొట్టం నట్టు, స్టీరింగ్ బోల్టు, ఇంజను అల్యూమినియం దిమ్మెలో విరిగిన బోల్టు, ఈ మూడింటిని మాత్రం అనుభవం ఉన్న మెకానిక్‌కే వదిలేయండి.

తిరిగి బిగించేటప్పుడు

రంధ్రంలోని మరలను ట్యాప్ అనే మరలు కోసే పనిముట్టుతో శుభ్రం చేయండి. కొత్త బోల్టును మొదటి నాలుగైదు చుట్లు వేళ్ళతోనే తిప్పండి. వేళ్ళకు లొంగకపోతే అడ్డదిడ్డంగా ఎక్కుతోందని అర్థం. మరలకు తుప్పు పట్టనివ్వని రాగి గ్రీజు పలచగా పూయండి. ఇది రాస్తే రాపిడి తగ్గుతుంది కాబట్టి, అదే బలానికి బోల్టు ఎక్కువ సాగుతుంది. పొడి బోల్టుకు ఇచ్చిన బిగింపు లెక్కను కాస్త తగ్గించాలి. చక్రం నట్లకు మాత్రం ఏ గ్రీజూ వద్దు.

రబ్బరు బుష్‌లోంచి పోయే బోల్టులను బండి గాలిలో ఉండగా పూర్తిగా బిగించకండి. చక్రాలు నేల మీద ఆని, బండి బరువు పడిన తరువాతే చివరి బిగింపు. లేకపోతే బుష్ ఎప్పుడూ మెలిపడి ఉండి కొన్ని నెలల్లోనే చినుగుతుంది. వంద కిలోమీటర్లు నడిచాక మళ్ళీ ఒకసారి పానా పెట్టి చూడండి.

నేను ఏటా మృగశిర కార్తెకు ముందు ఒక ఆదివారం కారు అడుగున మట్టి కడిగి, ఎండలో ఆరనిచ్చి, బయటికి కనిపించే మరలన్నిటికీ బ్రష్‌తో గ్రీజు రాస్తున్నాను. బ్రేకు వైపు మాత్రం వెళ్ళను. అందుకు పట్టేది రెండు గంటలు. కిందటి మే నెలలో ఆ వెనక బోల్టును విప్పి చూశాను. 14 రింగ్ స్పానర్‌కు పైపు అవసరం పడలేదు.